గడప లోపలి ధూళి

కామారెడ్డి పట్టణమునకు ఆగ్నేయముగా, దోమకొండ కోటకు చేరువలో, చెల్క నేలలను చెరువులను బోడగుట్టలను ఆనుకొనియున్న బీబీపేట, చిరకాలము నిజామాబాదు జిల్లాలోని యొక గ్రామమై యుండి, 2016 అక్టోబరులో కామారెడ్డి ప్రత్యేక జిల్లా యైన సందర్భమున తానే యొక మండలమునకు కేంద్రమైనది. ఈ సీమ చరిత్ర వ్రాయబూనినవారు దోమకొండ సంస్థానమును, కోట బురుజులను, మహాదేవాలయమును వర్ణించిరి. అవి వర్ణింపదగినవే. కాని ఇచ్చటి జనులు తరతరములుగా పనిపాటలు చేసికొనుచు ఎట్టి గాలిని పీల్చిరి, ఆ గాలి వారి ఊపిరితిత్తులలో ఏమి విడిచిపోయెను, ఆ నష్టమును ఎవరు లెక్కవేసిరి అను ప్రశ్నలకు ఆ గ్రంథములలో సమాధానము దొరకదు. కోట గోడను పేర్చినవాని పేరు దొరకకున్నను గోడ నిలిచియున్నది. ఆ గోడకు రాయి చెక్కినవాని శ్వాసకు ఏ గుర్తును నిలువలేదు.

ముందుగా రాతిని గూర్చి చెప్పవలెను. తెలంగాణ పీఠభూమికి ఆధారమైన నల్లసేనపు రాయియందు నాలుగింట ఒక వంతుకు అటునిటుగా స్ఫటికరూపమైన సిలికా యుండును. సమ్మెట దెబ్బకు పెచ్చు లేచినపుడు కంటికి కనబడు రవ్వ నేలబడును. కంటికి కనబడని రజము మాత్రము గాలిలో తేలియాడి శ్వాసతో లోనికి పోవును. ఒక మిల్లీమీటరులో రెండువందల వంతుకు లోబడిన కణములు ఊపిరితిత్తుల చిట్టచివరి తిత్తుల వఱకు చేరగలవు. అక్కడ వానిని మ్రింగ వచ్చిన రక్షకకణములు వానిని జీర్ణింపజాలక తామే నశించును. ఆ స్థలమున మచ్చకట్టి, మచ్చలు గడ్డలై, పదియేండ్లకో యిరువదియేండ్లకో ఊపిరితిత్తి తన మెత్తదనమును కోలుపోవును. పని మానినను సిలికోసిస్ అను ఈ వ్యాధి మానదు. దానికి మందు నేటికిని లేదు. పైపెచ్చు, ఆ వ్యాధి క్షయరోగమునకు వాకిలి తెఱచి యుంచును. కోటలకు, దేవళములకు, చెరువు తూములకు, బావులకు రాయి కొట్టిన వడ్డెరలు, 1923లో మొదలిడి 1931లో ముగించిన నిజాంసాగరము ఆనకట్టకు మంజీర యొడ్డున రాయి చెక్కిన కూలీలు, ఈ రజమునే పీల్చియుందురు. ఆ మహానిర్మాణమునకు సూత్రధారియైన నవాబు అలీ నవాజ్ జంగు పేరు చరిత్రలో స్థిరపడినది, అది న్యాయమే. అతని క్రింద పనిచేసిన రాతి కూలీల ఆయుర్దాయము మాత్రము ఏ దస్తరములోను ఎక్కియుండదు.

రాతిధూళి ప్రాణాంతకమని లోకము ఎఱుగకపోలేదు. 1556లో వెలువడిన తన గనుల గ్రంథమున జర్మను పండితుడు అగ్రికోలా, కార్పేతియను పర్వతసీమలలో ఒక్కొక్క స్త్రీ ఏడుగురు భర్తలను పెండ్లాడి, ఏడుగురిని గని ధూళి తెచ్చిన క్షయమునకు బలియిచ్చిన సంగతి వ్రాసిపెట్టెను. 1700లో ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జినీ, పనివారల వ్యాధులను గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథమును రచించి, రాతిపనివారికి అందొక అధ్యాయమును కేటాయించెను. రోగి వచ్చినపుడు వైద్యుడు అడుగవలసిన ప్రశ్నలకు ఇంకొక ప్రశ్నను చేర్చవలెను, నీవు చేయు పని ఏమి అని అడుగవలెను, అని బోధించిన మహానుభావుడు ఆయన. మనకు దగ్గరి యుదాహరణము కోలారు బంగారు గనులు. జాన్ టైలర్ కంపెనీవారు 1880లో అడుగుపెట్టిన ఆ గనులలో మన చిత్తూరు సీమనుండి వలసపోయిన తెలుగు కూలీలు తమిళ సోదరులతో గూడి పాతాళమున పనిచేసిరి. 1940 దశకమున అచ్చటి పనివారలను పరీక్షించిన వైద్యులు నూటికి నలువది ముగ్గురికి మించి సిలికోసిస్ వ్యాధి యున్నట్లు కనుగొనిరి. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఈ వ్యాధిని ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధుల పట్టికలో చేర్చినది. కూలీల నష్టపరిహార చట్టమును దీనిని వృత్తిజన్య వ్యాధిగా అంగీకరించినది. చట్టము పుస్తకములో నుండుట వేఱు, వడ్డెర గుడిసె వఱకు నడచివచ్చుట వేఱు. అయినను ఆ వ్యాధికి ఒక పేరున్నది, పట్టికలో దానికొక వరుస యున్నది.

బీబీపేట సీమలోని యాడువారు పీల్చిన ధూళికి ఆ మాత్రపు గౌరవమైనను దక్కలేదు. అది తంబాకు ధూళి.

బీడీ ఈ ప్రాంతమునకు పుట్టువస్తువు కాదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో గుజరాతు వర్తకులు జబల్పూరు ప్రాంతపు అడవులలో తునికాకు సమృద్ధిగా దొరకుట చూచి, దానిలో తంబాకు చుట్టించి అమ్ముట వ్యాపారముగా నెలకొల్పిరి. విదేశీవస్తు బహిష్కారోద్యమములు చెలరేగినపుడు సిగరెట్టును విడిచినవారి చేతికి బీడీ వచ్చినది. హైదరాబాదు నుండి మన్మాడునకు పోవు నిజాము రైలుమార్గము 1900 ప్రాంతమున నడుపబడి, కామారెడ్డి, ఇందూరు (నిజామాబాదు) ఆ మార్గమున స్టేషనులైన తరువాత, గుజరాతు నుండి నిప్పాణి నుండి తంబాకు బస్తాలు ఇచ్చటికి దిగుటయు, తయారైన సరకు ఉత్తరమునకు పడమటికి పోవుటయు సులభమాయెను. ఆకునకు దూరము పోనక్కరలేదు: ఎల్లారెడ్డి, బాన్సువాడ అడవులలోను, ఆదిలాబాదు అడవులలోను తునికి చెట్లు కోకొల్లలు. చైత్ర వైశాఖములలో ఊళ్లకు ఊళ్లు అడవికి పోయి ఆకు కోసి, యాబది యాకుల కట్టలు కట్టి, కల్లములలో ఎండబెట్టుదురు. ఆ ఆకు వ్యాపారమును 1971 నాటి చట్టముతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన చేతిలోనికి తీసికొన్నది.

ఈ పరిశ్రమకు యంత్రము వలదు, విద్యుత్తు వలదు, భవనము వలదు. ఒక చాట, ఒక కత్తెర, ఒక దారపు ఉండ, రెండు చేతులు చాలును. వానను నమ్ముకొన్న చెల్క సేద్యము, మరమగ్గము దెబ్బకు కుంటువడిన చేనేత, బొంబాయికి భివండికి, ఆ తరువాత గల్ఫు దేశములకు పోయి ఏండ్ల తరబడి తిరిగిరాని మగవారు, ఈ మూడింటి నడుమ ఇల్లు నడుపవలసిన స్త్రీకి బీడీ ఆధారమైనది. కంపెనీ సేటు ఆకును తంబాకును టేకేదారునకు తూచి యిచ్చును. టేకేదారు ఊరిలోని కార్ఖానాలో కూర్చుండి ఇంటింటి స్త్రీలకు పంచును. వారు చుట్టి తెచ్చిన బీడీలను లెక్కపెట్టి, నచ్చనివి తీసివైచి, మిగిలిన వేలకు కూలి వ్రాసికొనును. పిల్ల పదియేండ్లు నిండకముందే తల్లి ప్రక్కన కూర్చుండి మొగములు మడచుట నేర్చుకొనెడిది. బీడీ చేయుట వచ్చిన పిల్లకు సంబంధములు సులభముగా కుదురునను మాట ఈ జిల్లాలో నిన్నమొన్నటి వఱకు వినబడినదే. పని యనునది కట్నములో భాగమగుట ఎంత బరువైన సంగతియో చదువరులే యూహింపవలెను.

ఆ పని జరుగు తీరును కొంచెము దగ్గరగా చూడవలెను. రాత్రి నానబెట్టి తడి గోనెలో చుట్టియుంచిన ఆకును స్త్రీ తెల్లవాఱి తీసి, ఫర్మా యను రేకుముక్కను ఆకుపై నుంచి, దాని కొలతకు కత్తెరతో కత్తిరించి పెట్టుకొనును. పిదప గోడకు వెన్నాన్చి, కాళ్లు చాపి, ఒడిలో చాట పెట్టుకొని, అందొక ప్రక్క ఆకును ఒక ప్రక్క తంబాకును సర్దుకొనును. ఎడమచేతి వ్రేళ్లపై ఆకు పఱచి, కుడిచేతితో చిటికెడు తంబాకు, గ్రాములో అయిదవ వంతుకు అటునిటుగా, దానిలో నించి, బొటనవ్రేలితో దొరలించి చుట్టి, మొగము మడచి, దారము వేయును. ఇరువదియైదు బీడీలు ఒక కట్ట. నలువది కట్టలు వేయి. ఒక్కొక్క బీడీకి చేయి చాటలోనికి పోయి తంబాకును కదలించును. కదలించినపుడెల్ల నుసి లేచును. చాటకు ముక్కునకు నడుమ దూరము మూరెడు. వేయి బీడీలనగా వేయి మార్లు లేచిన నుసి. చాట అడుగున మిగిలినది మఱింత మెత్తని పొడి. దానిని చెఱగి, మఱల మంచి తంబాకులో కలిపి చుట్టవలెను, ఏలయన తూచి యిచ్చిన సరకునకు లెక్క యొప్పజెప్పవలెను. కార్ఖానాలో తంబాకు రకములను కలిపి జల్లెడ పట్టు కూలీలకును, బట్టీయొద్ద బీడీలకు సెగపెట్టువారికిని ఇంతకు మించిన ఘాటు.

ఇందొక విశేషమున్నది, దీనిని గుర్తింపనిదే ఈ వృత్తిలోని కష్టము అర్థము కాదు. రాతిపనివాడు గాలివాటము చూచి కూర్చుండిన కొంత రజము తప్పించుకొనగలడు. బీడీ చుట్టు స్త్రీకి గాలియే శత్రువు. గాలి వీచిన తంబాకు ఎగిరిపోవును, తడియాకు ఎండి చిట్లిపోవును. రెండును ఆమె లెక్కలో కోతయే. అందుచేత మండు వేసవిలో సైతము పంకా ఆపి, వానకాలములో తలుపు ఓరవాకిలిగా మూసి ఆమె పనిచేయును. వైద్యుడు గాలి ఆడనిమ్మని చెప్పును, కూలి గాలి ఆడనీయవద్దని చెప్పును. ఆ గదిలోనే పొయ్యి, ఆ గదిలోనే ఉయ్యాల. మూటకట్టిన తంబాకు రాత్రి తలగడకు ప్రక్కనే యుండును. రాతిధూళి పని చోటున నిలిచిపోవును, కొంత బట్టలకంటి యింటికి వచ్చును. తంబాకు ధూళికి ఇల్లే పని చోటు.

ఇంతకు ముందు పేర్కొన్న రామజ్జినీ తంబాకు పనివారిని గూర్చియు ఒక అధ్యాయమును వ్రాసెను. ఇటలీలో నశ్యము కొఱకు తంబాకును దంచు తిరుగళ్లను గుఱ్ఱములు త్రిప్పుచుండగా, ఆ పొడికి ఓర్వలేక గుఱ్ఱములు సైతము తలలు విదిలించి, దగ్గి, ముక్కుపుటములు బుసకొట్టుచుండెనని అందు చెప్పెను. మూడువందల యేండ్లకు పూర్వము ఒక వైద్యుడు గుఱ్ఱముల దగ్గును సైతము గమనించి వ్రాసిపెట్టెను. మన పల్లెలలో లక్షలాది స్త్రీల దగ్గును మనము అలవాటుగా వినుచు దాటిపోతిమి.

సత్యము చెప్పునపుడు ఎక్కువ చెప్పరాదు. తంబాకు ధూళి రాతిధూళి వంటిది కాదు. అది సేంద్రియము, ఊపిరితిత్తిని రాయి వలె గట్టిపఱుపదు. దాని దారి వేఱు: శ్వాసనాళములను మండించి దగ్గు, ఆయాసము, పిల్లికూతలు కలిగించును, అందలి నికొటిన్ ముక్కు ద్వారమునను తడిచేతుల చర్మము ద్వారమునను రక్తములో చేరి తలతిరుగుడును వికారమును తెచ్చును. బొంబాయిలోని క్యాన్సరు పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు బీడీ పనివారలను పరీక్షించి, వారి మూత్రములో నికొటిన్ మార్పుచెందగా నేర్పడు కొటినిన్ అను పదార్థమును కనుగొనిరి; వారి కణములలోని జన్యుపదార్థమునకు హాని కలుగుచున్న గుర్తులను 1990 దశకమున ప్రకటించిరి. జీవితములో ఒక్క బీడీనైన కాల్చని స్త్రీ శరీరములో బీడీ కాల్చినవాని యానవాలు దొరకినది. పొగ త్రాగువానికి డబ్బాపై హెచ్చరిక యున్నది. 2016 నుండి ఆ హెచ్చరిక డబ్బాలో నూటికి 85 పాళ్లు ఆక్రమించినది. చుట్టిన స్త్రీకి ఏ హెచ్చరికయు లేదు. ఇంకొక చిక్కేమనగా, కట్టెల పొయ్యి పొగ, క్షయవ్యాధి, తంబాకు నుసి అను మూడును ఒకే దగ్గుగా బయటపడును. వేఱు చేసి చూపువాడు లేనిచో నింద దేనికిని పడదు.

ఇక చట్టము సంగతి. బీడీ, చుట్ట కార్మికుల చట్టమును పార్లమెంటు 1966లో చేసెను. ఎంతో ఓర్పుతో చేసిన చట్టమది. పని జరుగు చోటు దుర్గంధము లేక శుభ్రముగా నుండవలెననియు, గాలి వెలుతురు చక్కగా ఆడవలెననియు, ధూళిని తొలగించు ఏర్పాట్లుండవలెననియు, ఒక్కొక్క మనిషికి నాలుగుంబావు ఘనమీటర్ల చోటు ఉండవలెననియు నిర్దేశించినది. ఇంత చెప్పి, పని జరుగు చోటనగా నేమి అని నిర్వచించునపుడు, నివాసగృహము కాని యే స్థలమైనను అని కుండలీకరణములో ఒక చిన్న మినహాయింపును పెట్టినది. ఆ కుండలీకరణములోనే బీబీపేట స్త్రీ కూర్చుండి బీడీ చుట్టుచున్నది. కూలికి, సెలవునకు ఆమె కార్మికురాలు. గాలికి మాత్రము గృహిణి. చట్టము వచ్చిన పిమ్మట యజమానులు చాల చోట్ల కార్ఖానాలను కుదించి పనిని ఇండ్లకు మళ్లించిరన్నచో ఆశ్చర్యమేమున్నది? కేరళలోని కన్నూరులో మంగుళూరు కంపెనీలు 1968లో కార్ఖానాలకు తాళములు వేయగా వేలాది కార్మికులు వీధినబడిరి. వారు 1969లో దినేశ్ బీడీ సహకార సంఘమును స్థాపించుకొని, విశాలమైన పనిశాలలలో ఒక్కచోట కూర్చుండి, ఒకడు వార్తాపత్రిక చదువుచుండ తక్కినవారు చుట్టుచు పనిచేసిరి. తెలంగాణములో అట్టి పనిశాల ఊరూర వెలయలేదు.

న్యాయస్థానములు కొంత మేలు చేసినవి. 1966 చట్టము చెల్లునని 1974లోను, ఇంటివద్ద చుట్టు పనివారును భవిష్యనిధికి అర్హులేయని 1985లోను సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. 1976 చట్టములతో నేర్పడిన సంక్షేమనిధి వైద్యశాలలను, పిల్లల చదువునకు వేతనములను, గృహసహాయమును కల్పించినది. 2017లో వస్తుసేవల పన్ను రాగా ఆ నిధికి మూలధనమైన సెస్సు రద్దయినది. తెలంగాణ ప్రభుత్వము 2015 నుండి బీడీ కార్మికురాండ్రకు నెలకు వేయి రూపాయల జీవనభృతి నిచ్చి, 2019లో దానిని 2,016 రూపాయలకు పెంచినది. ఈ భృతి యెన్నో ఇండ్లలో పొయ్యి వెలిగించినది. దీనిని తక్కువచేసి మాటాడుట పాపము. కాని వరుసగా చూడుడు: కూలి, నిధి, వేతనము, భృతి. అన్నియు చేతికి వచ్చునవి. ఊపిరికి సంబంధించినది ఏదియు లేదు. నష్టపరిహార చట్టపు పట్టికలో పత్తి నూలు ధూళి చేరినది, చెఱకు పిప్పి ధూళి సైతము చేరినది. తంబాకు ధూళి పేరుపెట్టి చేరలేదు. 1966 చట్టమును 2020 నాటి వృత్తిభద్రతా స్మృతిలో కలిపివేసినపుడైనను ఈ లోపము దిద్దుకొనదగిన యవకాశము వచ్చెను గాని, గడప లోపలికి ఎవరును తొంగిచూడలేదు.

మన తెలుగువారే యొక దారి చూపిరి. షోలాపూరులో స్థిరపడిన పద్మశాలి కుటుంబముల స్త్రీలు వేలసంఖ్యలో బీడీలు చుట్టుదురు. అక్కడి కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం పూనికతో బీడీ కార్మికురాండ్రకు పదివేల యిండ్ల సహకార నివాసము వెలసినది. 2006లో నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగు ఆ యిండ్లను వారికి అప్పగించెను. మురికివాడలోని ఒంటిగది విడిచి వేఱు గది, వేఱు వంటిల్లు గల ఇంటికి పోయిన స్త్రీకి తంబాకు తప్పకపోవచ్చును. ఉయ్యాలను మాత్రము చాటకు దూరముగా కట్టగల చోటు దొరకినది. గాలి సమస్య చాలవఱకు చోటు సమస్యయేయని దీనివలన తేటపడుచున్నది.

నేడు బీడీ తగ్గుముఖము పట్టినది. చదువుకొన్న ఆడపిల్లలు చాట పట్టుటకు ఇష్టపడుట లేదు. పట్టవలసిన పనియు లేదు. కాని సిలికా విషయమున చెప్పిన మాట ఇచ్చటను గుర్తుంచుకొనవలెను: పని మానినంత మాత్రమున ముప్పదియేండ్ల శ్వాస మానిపోదు. యాబది, అఱువది ఏండ్ల వయసున నున్న స్త్రీల తరము మన కనుల యెదుటనే యున్నది. వారి ఊపిరితిత్తుల బలమును కొలుచుటకు గొట్టములో ఊదించు చిన్న పరికరము చాలును. దానికి పెద్ద ఆసుపత్రి యక్కరలేదు. కావున కామారెడ్డి జిల్లా వైద్యాధికారులకు నా విన్నపమిది. బీబీపేట మొదలుకొని ప్రతి మండలమునను బీడీ భృతి పొందు స్త్రీల జాబితా ప్రభుత్వము చేతిలోనే యున్నది. ఆ జాబితాను చేతబట్టి ఊరూర వారికి శ్వాసపరీక్ష చేయింపుడు. ఆరోగ్యకేంద్రమునకు దగ్గుతో వచ్చిన ప్రతి స్త్రీ పేరునకు ప్రక్కన ఆమె చేసిన పనిని, ఎన్ని యేండ్లు చేసినదియు వ్రాయుడు. రాయి కొట్టిన వడ్డెర పురుషుల పేరునకు ప్రక్కనను అటులనే వ్రాయుడు. ఈ సీమలో ఎవరు ఏ ధూళిని పీల్చిరో తెలుపు మొదటి పుస్తకము అదియే కాగలదు.